బూస్ట్ పెడల్ ఎక్కడ పెట్టాలి: ప్రాసెసర్‌కి ఒక లెక్క, ట్యూబ్ ఆంప్‌కి ఇంకో లెక్క

"అన్నా, సోలో వచ్చేసరికి బూస్ట్ తొక్కుతున్నా, సౌండ్ పెరగట్లేదు, గరగర మాత్రం ఎక్కువవుతోంది, ఏం చెయ్యాలి?" రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మెలోడీ పార్టీల్లోనూ చర్చిల్లోనూ వాయించే తమ్ముళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. బూస్ట్ అంటే గిటార్ సిగ్నల్‌ని పెంచే చిన్న పెడల్. అడిగేవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉండేది ప్రాసెసరే (ఎఫెక్టులూ ఆంప్ సౌండూ అన్నీ డిజిటల్‌గా ఒకే పెట్టెలో ఇచ్చేది), జూమ్‌దో బాస్‌దో వాలెటన్‌దో. యూట్యూబ్‌లో చూసేది మాత్రం మార్షల్ ట్యూబ్ ఆంప్ (గాజు ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్) ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ పెట్టి వాయించే మనిషిని. అతను చెప్పిన సెట్టింగే మనమూ పెడతాం, ఆ సౌండ్ రాదు. పెడల్ మంచిదే, ప్రాసెసరూ మంచిదే. విషయం ఏంటంటే బూస్ట్‌కి తనదంటూ ఉండే సౌండ్ చాలా తక్కువ, అది వెళ్ళి దేన్ని గుద్దితే దాని సౌండే బయటికొస్తుంది. అందుకే ఏ బూస్ట్ కొనాలి అనే దానికంటే ముందు అది ఎక్కడ కూర్చోవాలి అన్నది తేల్చుకోవాలి. మన వైపు ట్యూబ్ ఆంప్ అరుదే, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఏ స్టూడియోకో వెళ్తే తప్ప చేతికి దొరకదు. అయినా ట్యూబ్ ఆంప్‌లో ఏం జరుగుతుందో ముందు తెలియాలి, ఎందుకంటే ప్రాసెసర్ నకలు చేస్తున్నది దాన్నే.

ముందు కొంచెం లెక్క

గిటార్ తీగల కింద ఉండే పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న పికప్) అయితే వోల్టులో పదో వంతు, ఐదో వంతు ఉంటుంది, హంబకర్‌ని (రెండు చుట్టలది) గట్టిగా కొడితే ఒక్క క్షణం వోల్టు దాకా పోతుంది. బూస్ట్ చేసేది ఆ వోల్టేజిని పెంచడం. 6 డీబీ (డెసిబెల్) పెంచితే రెట్టింపు, 20 డీబీ పెంచితే పది రెట్లు. ఎమ్‌ఎక్స్‌ఆర్ మైక్రో ఆంప్ నాబ్ పూర్తిగా తిప్పితే 26 డీబీ, అంటే దాదాపు ఇరవై రెట్లు. ఇదే చెవి లెక్కలో వేరుగా ఉంటుంది, సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డీబీ కావాలి. బ్యాండ్‌లో సోలో పైకి రావడానికి 3 నుంచి 5 డీబీ చాలు. ఈ రెండు లెక్కల్నీ కలిపి చూస్తే ఒకటి అర్థమవుతుంది: పెడల్ మీద ఉన్న 20 డీబీ సోలో వాల్యూమ్ కోసం పెట్టింది కాదు, ఆంప్‌ని గట్టిగా తొయ్యడానికి పెట్టింది.

ట్యూబ్ ఆంప్‌లో

గిటార్ జాక్ పెట్టగానే సిగ్నల్ వెళ్ళేది మొదటి ప్రీఆంప్ ట్యూబ్‌కి, చాలా ఆంపుల్లో అది 12ఏఎక్స్7. దాని తర్వాత ఇంకో దశ, ఇంకో దశ, చివర్లో ఈఎల్34, 6ఎల్6 లాంటి పవర్ ట్యూబులు, ఆపైన స్పీకర్. ఒక్కో దశకీ ఒక హద్దు ఉంటుంది. హద్దు దాటిన సిగ్నల్‌ని ట్యూబ్ కత్తితో కోసినట్టు కొయ్యదు, అంచులు మెల్లగా వంచుతుంది, ఆ వంపులోంచే మనకి నచ్చే గరగర, అంటే డ్రైవ్ పుడుతుంది. నిండిన బిందెలో ఇంకా నీళ్ళు పోస్తే మట్టం పెరగదు, పొర్లుతుంది. అప్పటికే డ్రైవ్‌లో ఉన్న ఆంప్ ముందు బూస్ట్ తొక్కితే జరిగేదీ అంతే: సౌండ్ పెద్దగా పెరగదు, డ్రైవ్ పెరుగుతుంది, నోటు ఎక్కువసేపు నిలబడుతుంది, పిక్ దెబ్బల్లో తేడా తగ్గుతుంది.

ఆంప్ శుభ్రంగా ఉంటే కథ వేరు. ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటి 85 వాట్ల ఆంప్‌ని రెండో మూడో నంబర్ మీద ఉంచి క్లీన్ బూస్ట్ తొక్కితే సౌండే పెరుగుతుంది, ఎందుకంటే దాని హద్దు చాలా దూరంలో ఉంది. అదే పెడల్, అదే నాబ్, రెండు ఆంపుల్లో రెండు పనులు. అందుకే ఎవరైనా బూస్ట్ సెట్టింగ్ చెప్పినప్పుడు పక్కనే ఆంప్ ఏది, దాని గెయిన్ (సిగ్నల్‌ని లోపల పెంచే మోతాదు) ఎంత అని కూడా చెప్పకపోతే ఆ సెట్టింగ్ మనకి పనికిరాదు.

ఆంప్ వెనకాల ఎఫెక్ట్స్ లూప్ ఉంటే అది ఇంకో చోటు. లూప్ ఉండేది ప్రీఆంప్ తర్వాత, పవర్ ఆంప్ ముందు. డ్రైవ్ అప్పటికే తయారైపోయింది కాబట్టి అక్కడ బూస్ట్ పెడితే వాల్యూమ్ పెరుగుతుంది, టోన్ అలాగే ఉంటుంది. పవర్ ట్యూబులకి ఇంకా చోటుంటేనే సుమా. చిన్న ఆంప్‌ని పూర్తిగా తిప్పేసి వాయిస్తుంటే లూప్‌లో పెట్టినా పెరిగేది ఏమీ ఉండదు. ఇంకో మాట, లూప్‌లో సిగ్నల్ గిటార్ సిగ్నల్ కంటే పెద్దగా ఉండొచ్చు, 9 వోల్టుల పెడల్ కొన్నిసార్లు అక్కడ తానే చిట్లిపోతుంది.

ఇంతకీ ఈ బూస్ట్ అలవాటు మొదలైందే ట్యూబ్ ఆంపుల చుట్టూ. 1960లలో బ్రిటన్‌లో వచ్చిన డల్లాస్ రేంజ్‌మాస్టర్ ట్రెబుల్ బూస్టర్‌లో ఒకే ఒక్క జర్మేనియం ట్రాన్సిస్టర్ ఉండేది. అప్పటి ఆంపుల్ని గట్టిగా తిప్పితే బేస్ ముద్దముద్దగా వచ్చేది, పై స్వరాల్ని మాత్రమే పెంచి పంపితే అదే ఆంప్ గొంతు విప్పేది. క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే సౌండ్ అంతా వాక్స్ ఏసీ30 ముందు ట్రెబుల్ బూస్టర్ పెట్టినదే. ఆ దశాబ్దం చివర్లోనే ఎలెక్ట్రో-హార్మోనిక్స్ ఎల్‌పీబీ-1 అనే చిన్న డబ్బా వచ్చింది, ఒక నాబ్, ఒక స్విచ్, అంతే.

ప్రాసెసర్‌లో మూడు చోట్లు

ప్రాసెసర్ దగ్గర చాలామంది గందరగోళపడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. గిటార్ సిగ్నల్ లోపలికి వెళ్ళగానే ముందు అంకెలుగా మారుతుంది. ఆ మార్చే భాగాన్ని కన్వర్టర్ అంటారు. తర్వాత లోపలి ఎఫెక్టులు, ఆంప్ మోడల్, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె నకలు, క్యాబ్ అన్నా ఇదే) లేదా ఐఆర్ (ఆ పెట్టె సౌండ్‌ని పట్టిన ఫైలు), చివరికి మళ్ళీ సౌండ్‌గా మారి బయటికి. బూస్ట్‌ని కన్వర్టర్‌కి ముందు పెట్టొచ్చు, లోపల ఆంప్ మోడల్ ముందు పెట్టొచ్చు, క్యాబ్ తర్వాత పెట్టొచ్చు. మూడింటికీ పోలికే లేదు.

మొదటి చోటు, అంటే నిజమైన పెడల్‌ని గిటార్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య పెట్టడం. కన్వర్టర్‌కి ఒక పైకప్పు ఉంటుంది, దాన్నే జీరో డీబీ ఎఫ్ఎస్ అంటారు. అది ట్యూబ్ లాగా మెత్తగా వంచదు. పైకప్పు దాటిన భాగాన్ని నున్నగా కోసేస్తుంది, చెవికి చిటపటలాగా, చిరిగిన స్పీకర్ లాగా తగులుతుంది. దానికి లోపల ఏ ఈక్యూ (బేస్, మిడ్, ట్రెబుల్ సర్దేది) పెట్టినా బాగుపడదు. హంబకర్ గిటార్, దాని ముందు 20 డీబీ బూస్ట్, గట్టి చెయ్యి, ఈ మూడూ కలిస్తే చిన్న ప్రాసెసర్లు సులువుగా పైకప్పుకి తగులుతాయి. పెడల్‌ని 18 వోల్టుల మీద నడిపితే అది ఇంకా పెద్ద సిగ్నల్ పంపగలదు, ప్రమాదం ఇంకా ఎక్కువ. ట్యూబ్ ఆంప్ ముందు అది వరం, ఇక్కడ కాదు.

తెలుసుకోవడం సులువు. లోపల అన్ని ఎఫెక్టులూ, ఆంప్, క్యాబ్ ఆఫ్ చేసిన ఖాళీ ప్యాచ్ (సేవ్ చేసుకునే సెట్టింగ్) ఒకటి పెట్టుకోండి. ప్రాసెసర్ ఔట్‌పుట్ వాల్యూమ్ బాగా తగ్గించండి, హెడ్‌ఫోన్ పెట్టుకోండి. బూస్ట్ ఆన్ చేసి బ్రిడ్జ్ పికప్ మీద ఇ కార్డ్ మీకు చేతనైనంత గట్టిగా కొట్టండి. మొదటి దెబ్బలో చిట్ అని పగిలితే పెడల్ లెవెల్ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రండి, ఎక్కడ ఆ పగుళ్ళు పోతాయో అక్కడి నుంచి ఇంకో చిటికెడు తగ్గించి ఆపండి. ఔట్‌పుట్ వాల్యూమ్ తగ్గించినా పోకుండా, పెడల్ లెవెల్ తగ్గిస్తేనే పోయిందంటే అది కన్వర్టర్ దగ్గర జరిగిందే. పెడల్ మీద ఆ నాబ్ ఉన్నచోట మార్కర్‌తో చిన్న గీత పెట్టుకోండి, స్టేజీ మీద చీకట్లో ఎవరి కాలో తగిలి తిరిగిపోయినా మళ్ళీ అక్కడికే తెచ్చుకోవచ్చు. హెలిక్స్ లాంటి పెద్ద ప్రాసెసర్లలో ఇన్‌పుట్ ప్యాడ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే పైకప్పు ఎత్తు పెరుగుతుంది. ఇన్‌పుట్ మీటర్ ఉంటే ఎర్ర లైటు ఎప్పుడూ వెలగకూడదు, ఒక్కసారి కూడా.

రెండో చోటు, ప్రాసెసర్ లోపల ఆంప్ మోడల్ ముందు పెట్టిన బూస్ట్ లేదా డ్రైవ్ బ్లాక్. ట్యూబ్ ఆంప్ ముందు పెడల్ పెట్టినదానికి అసలైన సాటి ఇదే. సిగ్నల్ అప్పటికే అంకెలుగా మారిపోయింది, ఇప్పటి మంచి ప్రాసెసర్లలో లోపలి లెక్కలకి చోటు చాలా ఎక్కువ కాబట్టి బ్లాకుల మధ్య పైకప్పు భయం దాదాపు ఉండదు, హద్దు దాటితే ఆంప్ మోడల్ తన పద్ధతిలో వంచుతుంది. ఆంప్‌లోని ఒక్కో దశనీ లెక్కగట్టే మోడల్ అయితే బూస్ట్‌కి అచ్చం ట్యూబ్ ఆంప్ లాగానే స్పందిస్తుంది. పాత తరం ప్రాసెసర్లలో ఆ సూక్ష్మం తక్కువ, అక్కడ బూస్ట్ వేస్తే డ్రైవ్ పెరుగుతుంది కానీ చేతి కింద ఆ సాగుడు తెలియదు.

ఇప్పుడు క్యాప్చర్ల కాలం కాబట్టి అది కూడా చెప్పాలి. టోనెక్స్, క్వాడ్ కార్టెక్స్, ఉచితంగా దొరికే న్యూరల్ ఆంప్ మోడెలర్, ఇవన్నీ వాడే క్యాప్చర్లు ఒక ఆంప్‌ని ఒక నాబ్ సెట్టింగ్‌లో పట్టుకున్న నకళ్ళు. న్యూరల్ ఆంప్ మోడెలర్‌లో ఇన్‌పుట్ నాబ్ పెంచడం అంటే ఆ ఆంప్ ముందు క్లీన్ బూస్ట్ పెట్టడమే, వేరే పెడల్ అక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. చాలా క్యాప్చర్లు ట్యూబ్ స్క్రీమర్‌తో కలిపే పట్టినవి ఉంటాయి, పేరులో టీఎస్ అనో బూస్టెడ్ అనో రాసి ఉంటుంది. దాని ముందు మనం మళ్ళీ ఇంకో ట్యూబ్ స్క్రీమర్ పెడితే ముక్కుతో పాడినట్టు సన్నబడిపోతుంది. పేరు చదివాకే బూస్ట్ పెట్టండి. నాకైతే బూస్ట్ లేకుండా మధ్యస్థ డ్రైవ్‌లో పట్టిన క్యాప్చర్ తీసుకుని ముందు నా బూస్ట్ నేనే పెట్టుకోవడం నచ్చుతుంది, ఎందుకంటే ఆఫ్ చేసే వీలుంటుంది.

మూడో చోటు, క్యాబ్ తర్వాత. సోలో వాల్యూమ్ కావాలంటే ఇదొక్కటే సరైన చోటు, సగం ప్రశ్నలకి జవాబు ఇదే. గెయిన్ బ్లాక్, వాల్యూమ్ బ్లాక్, ఈక్యూ లెవెల్, ప్రాసెసర్‌ని బట్టి పేరు ఏదైనా కావచ్చు, క్యాబ్ తర్వాత పెట్టి 3 లేదా 4 డీబీ ఇవ్వండి, ఫుట్‌స్విచ్‌కి కట్టండి. డ్రైవ్ మారదు, టోన్ మారదు, గిటార్ ఒక అడుగు ముందుకొస్తుంది. కొన్నింటిలో ఆంప్ బ్లాక్‌లోనే ఛానెల్ వాల్యూమ్ అని ఉంటుంది, అదీ ఇలాంటిదే. మాస్టర్ అని ఉన్నది మాత్రం ముట్టుకోకండి, అది పవర్ ఆంప్ డ్రైవ్‌ని మారుస్తుంది. ఇక్కడా ఒక పైకప్పు ఉంది, బయటికి వెళ్ళేటప్పుడు. రిథమ్ ప్యాచ్‌నే అంచుదాకా లౌడ్‌గా పెట్టేస్తే సోలోకి పెంచడానికి చోటుండదు. రిథమ్‌ని తక్కువలో ఉంచి తక్కింది మిక్సర్‌లో తెచ్చుకోవాలి.

బాస్ కటానా వాడేవాళ్ళు ఒకటి గమనించండి. అది చూడటానికి ఆంప్ లాగా ఉన్నా లోపల డిజిటల్ ప్రీఆంప్, ట్యూబులు లేని పవర్ ఆంప్. ముందు ప్యానెల్ మీదున్న బూస్టర్ ఆంప్ మోడల్ ముందు కూర్చునేదే, అంటే రెండో చోటు. లీడ్‌కి వాల్యూమ్ పెరగట్లేదని దాన్నే ఇంకా తిప్పితే లాభం లేదు, కంప్యూటర్‌కి కట్టి సాఫ్ట్‌వేర్‌లో చివర ఈక్యూనో సోలో ఆప్షనో చూసుకోవాలి.

ట్యూబ్ స్క్రీమర్ ఎందుకు అంత పని చేస్తుంది

బూస్ట్ అంటే అన్ని స్వరాల్నీ సమానంగా పెంచేదే కానక్కర్లేదు. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ 1970ల చివర్లో వచ్చింది, బాస్ ఎస్‌డీ-1 1981లో. రెండూ ఓవర్‌డ్రైవ్ పెడళ్ళే కానీ ప్రపంచంలో సగం మంది వాటిని బూస్ట్‌గా వాడతారు: డ్రైవ్ సున్నా దగ్గర, లెవెల్ దాదాపు పూర్తిగా, టోన్ మధ్యలో. ఇలా పెట్టినప్పుడు పెడల్ లోపల డ్రైవ్ పెద్దగా పుట్టదు, కానీ అడుగు బేస్ తగ్గిపోతుంది, సుమారు 700 హెర్ట్జ్ చుట్టూ ఉన్న మిడ్ గట్టిగా ముందుకు వస్తుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఎక్కువ గెయిన్ ఉన్న ఆంప్‌లోకి ఆ బేస్ అంతా వెళ్తే పామ్ మ్యూట్ (అరచేత్తో తీగల్ని కొంచెం నొక్కి వాయించడం) బురదలో అడుగేసినట్టవుతుంది, అది తగ్గించి పంపితే ఒక్కో దెబ్బ విడివిడిగా వినబడుతుంది. ఇందులో గొప్పతనం బూస్ట్‌ది ఎంతో, ఈక్యూది అంతకంటే ఎక్కువ.

ఇదే పని ప్రాసెసర్‌లో ట్యూబ్ స్క్రీమర్ బ్లాక్‌తో అచ్చంగా అవుతుంది. ఆ బ్లాక్ నచ్చకపోతే ఆంప్ ముందు ఈక్యూ బ్లాక్ పెట్టి 120 హెర్ట్జ్ కింద కోసేసి, 700 దగ్గర 5 డీబీ లేపి, మొత్తం లెవెల్ 6 డీబీ పెంచి చూడండి. ఆంప్ గెయిన్ మాత్రం మామూలుగా పెట్టేదానికంటే తగ్గించాలి. చాలామంది ఇక్కడ గెయిన్ తగ్గించరు, బూస్ట్ మీద గెయిన్, గెయిన్ మీద బూస్ట్ అయ్యి తేనెటీగల గూడు కదిపినట్టు మోగుతుంది. రూములో ఒక్కరే వాయించుకుంటే బాగానే అనిపిస్తుంది, డ్రమ్స్, కీబోర్డు తోడయ్యాక నోటు ఎక్కడా కనబడదు.

నిజమైన జర్మేనియం ట్రెబుల్ బూస్టర్‌కో ఫజ్‌కో ఇంకో గుణం ఉంది. వాటి ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) తక్కువ, గిటార్ పికప్‌ని నేరుగా లాగుతాయి, ఆ లాగుడులోనే సగం టోన్ ఉంది. కాబట్టి గిటార్ నుంచి మొదట అదే ఉండాలి, ముందు బఫర్ (పికప్‌ని తర్వాతి పెడల్ నుంచి విడదీసే సర్క్యూట్) ఉన్న ట్యూనరో వైర్‌లెస్సో పెడితే గుచ్చినట్టు పలుకుతుంది. ప్రాసెసర్ లోపలి ట్రెబుల్ బూస్టర్ బ్లాక్‌కి ఈ లాగుడు తెలియదు, ఎందుకంటే పికప్ చూసేది ప్రాసెసర్ ఇన్‌పుట్‌ని, అది మామూలుగా 1 మెగా ఓమ్. హెలిక్స్ లాంటి కొన్నింటిలో ఇన్‌పుట్ ఇంపీడెన్స్ మార్చుకోవచ్చు, ఆ ఆప్షన్ ఉంటే తగ్గించి వినండి, తేడా చెవికే తెలుస్తుంది.

రిహార్సల్‌లో ఎలా సెట్ చెయ్యాలి

ఇంట్లో హెడ్‌ఫోన్‌లో సోలో ప్యాచ్ సెట్ చేసి కోరాపుట్ పరబ్ ఉత్సవానికో రాయగడ చైతి ఉత్సవానికో వెళ్ళి అదే తొక్కితే కచ్చితంగా తేడా కొడుతుంది. తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్, ట్రెబుల్ సరిగా వినబడవు, అందుకని ఇంట్లో వాటిని పెంచేస్తాం, మిడ్ తగ్గించేస్తాం. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించింది ఇదే. స్టేజీ సౌండ్‌లో ఆ బేస్ బేస్‌గిటార్‌తోనూ, ఆ ట్రెబుల్ సింబల్స్‌తోనూ కొట్టుకుంటాయి, మిడ్ లేదు కాబట్టి గిటార్ మాయమవుతుంది. సోలో బూస్ట్ బ్లాక్‌లో 3 డీబీ వాల్యూమ్‌తో పాటు 800 నుంచి 1500 హెర్ట్జ్ మధ్య 2, 3 డీబీ మిడ్ కలపండి. వాల్యూమ్ ఇంకో 6 డీబీ పెంచినదానికంటే అదే ఎక్కువ వినబడుతుంది, పక్కన పాడేవాళ్ళ చెవులూ బతుకుతాయి.

పద్ధతి ఇలా. బ్యాండ్ అంతా కలిసి ఒక పల్లవి వాయిస్తుండగా ముందు రిథమ్ లెవెల్ తేల్చుకోండి, పాటకి అడ్డం రాకుండా, తీసేస్తే వెలితి తెలిసేలా. తర్వాత సోలో బిట్ దగ్గర మూడో చోటు బూస్ట్ ఒక్కటే ఆన్ చేసి 2 డీబీ నుంచి మొదలుపెట్టి పెంచుతూ పోండి. మీరు స్టేజీ మీద నిలబడి తేల్చకండి, ఫోన్‌ని జనం కూర్చునే చోట పెట్టి రికార్డ్ చేసి వినండి. వాల్యూమ్ కుదిరాక, నోటు తొందరగా చచ్చిపోతోంది, నిలబడట్లేదు అనిపిస్తే అప్పుడు రెండో చోటు బూస్ట్ కలపండి. ఈ వరస తిరగేస్తే తికమకే, ఎందుకంటే డ్రైవ్ పెరిగితే నోటు ఒత్తుకుపోయి చిన్నగా వినబడుతుంది, దాన్ని సరిచెయ్యడానికి వాల్యూమ్ పెంచుతారు, మళ్ళీ రిథమ్ చిన్నదవుతుంది.

మిక్సర్ దగ్గర ఒక చిక్కు ఉంది. ప్రాసెసర్ ఔట్‌పుట్ లైన్ లెవెల్‌లో వస్తుంటే, ఆపరేటర్ దాన్ని మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చి గెయిన్ మైక్‌కి పెట్టినట్టు పెట్టేస్తే మామూలు వాయింపే పీక్ లైటు అంటిస్తుంది, సోలో తొక్కగానే పగిలిపోతుంది. అప్పుడు మనం బూస్ట్‌ని తిడతాం. అందుకే సౌండ్ చెక్‌లో ముందు సోలో బూస్ట్ ఆన్ చేసి మీ అత్యంత గట్టి భాగం వాయించండి. "అన్నా, ఇంతకంటే పైకి పోదు, దీనికి గెయిన్ పెట్టండి" అని ఆపరేటర్‌కి చెప్పండి. తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పాలి. రిథమ్‌తో గెయిన్ పెట్టించుకుంటే సోలో మొదలవగానే అతని చెయ్యి ఫేడర్ మీదకి వెళ్ళి మిమ్మల్ని కిందకి లాగేస్తుంది, ఒకసారి లాగాక పాట అయ్యేదాకా పైకి రానివ్వడు.

పెడలే అక్కర్లేని బూస్ట్ ఒకటుంది, గిటార్ వాల్యూమ్ నాబ్. మొత్తం సౌండ్‌ని నాబ్ 7 మీద ఉంచి తయారు చేసుకోండి, సోలోకి 10కి తిప్పండి. ట్యూబ్ ఆంప్‌లోనూ, మంచి ఆంప్ మోడల్‌లోనూ అది రెండో చోటు బూస్ట్ లాగే పనిచేస్తుంది, డ్రైవ్ పెంచుతుంది. ఆర్కెస్ట్రాలో పాట పాటకీ మూడ్ మారిపోయే చోట, ఒక క్లాసికల్ టచ్ మెలోడీ అయిన వెంటనే మాస్ బీట్ అందుకునే చోట, దీనికంటే వేగంగా పనిచేసేది లేదు. నాబ్ తగ్గించినప్పుడు ట్రెబుల్ చచ్చిపోతుంటే మెకానిక్ చేత ఒక చిన్న కెపాసిటర్, రెసిస్టర్ వేయించుకోవచ్చు, దాన్ని ట్రెబుల్ బ్లీడ్ అంటారు.

కరెంటు, హమ్మింగ్

బూస్ట్ సిగ్నల్‌తో పాటు చెత్తని కూడా పెంచుతుంది. సింగిల్ కాయిల్ హమ్మింగ్, స్టేజీ లైట్ల డిమ్మర్ గోల, జనరేటర్ గోల, అన్నీ పది రెట్లవుతాయి. నాయిస్ గేట్‌ని (వాయించనప్పుడు గోలని ఆపేది) బూస్ట్ ముందే, గిటార్ పక్కనే పెట్టండి, అక్కడ సిగ్నల్‌కీ గోలకీ తేడా స్పష్టంగా ఉంటుంది. పెడల్‌నీ ప్రాసెసర్‌నీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరుతో నడపకండి, డిజిటల్ పెట్టె గోల అదే వైరు మీదుగా పెడల్‌లోకి వచ్చి బూస్ట్ అయి సన్నగా ఈల వేస్తుంది. బూస్ట్ పెడల్‌కి కరెంటు చాలా తక్కువ కావాలి, దానికి 9 వోల్టుల బ్యాటరీ ఒక్కటి వేసుకుంటే ఈ తలనొప్పే ఉండదు. మిక్సర్‌కి వెళ్ళే లైన్‌లో బొంయ్ అని శబ్దం వస్తే గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం) కావచ్చు, ప్రాసెసర్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటే నొక్కండి, లేకపోతే డీఐ బాక్స్ (లైన్‌ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) వాడండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచెయ్యడం మాత్రం ఎన్నడూ వద్దు, షామియానా కింద తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి మైక్‌కి మూతి తగిలించే మనిషికి అది ప్రాణాల మీదకొచ్చే పని.

వోల్టేజి సంగతి ట్యూబ్ ఆంప్ దొరికినవాళ్ళు తప్పక పట్టించుకోవాలి. బరంపురంలో ఠాకురాణి యాత్ర రోజుల్లో లాగా ఊరంతా లైట్లు వేసినప్పుడు లైన్‌లో 230 ఉండాల్సింది 190కి పడిందనుకోండి, మామూలు ట్యూబ్ ఆంప్‌లో లోపలి వోల్టేజీలన్నీ అదే వంతున పడతాయి, 6.3 వోల్టులు ఉండాల్సిన ట్యూబ్ ఫిలమెంట్‌కి 5.2 దాకానే అందుతుంది. ఆంప్ హద్దు కిందకి దిగుతుంది, రిహార్సల్‌లో వాల్యూమ్ పెంచిన బూస్ట్ అక్కడ డ్రైవ్ మాత్రమే పెంచుతుంది. పెడల్ మారలేదు, లైన్ మారింది. దానికి స్టెబిలైజర్ పెట్టుకోవాలి. స్పీకర్ కట్టకుండా ట్యూబ్ ఆంప్ ఆన్ చెయ్యకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు కానీ చెబుతున్నా, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే బాగు చేసేవాళ్ళు మన చుట్టుపక్కల దొరకడం కష్టం. ప్రాసెసర్ అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటే ఈ పడిపోవడం దానికి లెక్కలోకి రాదు, సౌండ్ మారదు. కానీ లైన్ నుంచి జనరేటర్‌కి మార్చే ఆ రెండు సెకన్లలో ఆరిపోయి మళ్ళీ మొదటి ప్యాచ్‌తో లేస్తుంది, పాట మధ్యలో కొంపలు మునుగుతాయి. కంప్యూటర్లకి వాడే చిన్న యూపీఎస్ ఒకటి స్టేజీ పక్కన పెట్టుకుంటే చాలు. మొదటి ప్యాచ్‌గా మీరు ఎక్కువగా వాడే రిథమ్ సౌండే పెట్టుకోండి.

ఏది కొనాలి అంటే

ప్రాసెసర్ ఒక్కటే వాడేవాళ్ళు ముందు డబ్బు పెట్టి పెడల్ కొనకండి. లోపలున్న బ్లాకులతో మూడు చోట్లలోనూ ప్రయత్నించండి, నూటికి తొంభై సందర్భాల్లో రెండో చోటు ట్యూబ్ స్క్రీమర్, మూడో చోటు 3 డీబీతో పని అయిపోతుంది. పాత ప్రాసెసర్ ఉండి దాని డ్రైవ్ బ్లాకులు గరుకుగా ఉంటే అప్పుడు బయట ఎస్‌డీ-1 లాంటిది కొనడం సబబే, డ్రైవ్ సున్నా, లెవెల్ పైన చెప్పిన గీత దాకా. ముందుముందు ట్యూబ్ ఆంప్ కొనే ఆలోచన ఉన్నవాళ్ళకి కూడా అదే పెడల్ పనికొస్తుంది. క్లీన్ బూస్ట్ మాత్రం ఎవరూ తొందరపడి కొనకండి, అది పెద్ద క్లీన్ ఆంప్ ఉన్నవాళ్ళకే పూర్తిగా ఉపయోగపడుతుంది. కొనేముందు దుకాణంలో మీ గిటార్‌తో, మీ ప్రాసెసర్‌తోనే వాయించి చూడండి, షోకేసులో ఉన్న ఆంప్ మీద వినిపిస్తే ఒప్పుకోకండి.